హై-ఎండ్ స్పీకర్లు: ఎంపిక, విని చూడటం

రికార్డయిన సంగీతాన్ని ఉన్నదున్నట్టుగా, తమ సొంత రంగు పూయకుండా ఇంట్లో వినిపించడమే లక్ష్యంగా తయారయ్యే ఖరీదైన స్పీకర్లను హై-ఎండ్ స్పీకర్లు అంటారు. ఇంత ధర దాటితేనే హై-ఎండ్ అన్న గీత ఎక్కడా లేదు. మన దేశంలో జత లక్ష రూపాయల చుట్టుపక్కలకు వచ్చేసరికి ఈ మాట వినిపించడం మొదలవుతుంది. పైన కోటి దాటినవీ ఉన్నాయి. సౌండ్ సిస్టమ్‌లోని మిగతా పరికరాలన్నిటికంటే వీటి ఎంపికే కష్టం. మంచి ఆంప్లిఫయర్ల మధ్య, మంచి సీడీ ప్లేయర్ల మధ్య తేడాలు చెవికి అందీ అందనట్టు ఉంటాయి. స్పీకర్ల మధ్య తేడా పక్క గదిలో ఉన్నవాళ్లకు కూడా తెలుస్తుంది. పైగా ఒకే జత రెండు గదుల్లో రెండు రకాలుగా పలుకుతుంది. అందువల్ల కొట్లో విని నచ్చిందన్నంత మాత్రాన బేరం కుదిరినట్టు కాదు. చివరి తీర్పు ఇంట్లో, ఆ గదిలో విన్నాకే.

జంషెడ్‌పూర్‌లో ఉండే శ్రోతకు ఈ చిక్కు మరో రూపంలో ఎదురవుతుంది. 1907లో టాటా ఉక్కు కంపెనీ ఏర్పడ్డాక సాక్చి దగ్గర ఎదిగి, 1919లో జంషెడ్‌జీ టాటా పేరు పెట్టుకున్న ఈ ఊళ్లో తెలుగు కుటుంబాలు తరాలుగా ఉంటున్నాయి. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి ఉక్కు పనికి వచ్చిన వాళ్ల పిల్లలు, మనవలు కదమా, సోనారి, బిష్టుపూర్, టెల్కో కాలనీల్లో స్థిరపడ్డారు. బిష్టుపూర్‌లో ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం ఉంది. సంగీతం వినేవాళ్లకు కొదవ లేదు. కానీ నాలుగు రకాల హై-ఎండ్ స్పీకర్లు వరసగా విని పోల్చుకునే షోరూములు పెద్ద నగరాల్లోనే ఉన్నాయి. అందులో దగ్గరిది కోల్‌కతా, రైలు దారిలో సుమారు 250 కిలోమీటర్లు. రోజూ వెళ్లి వచ్చే దూరం కాదు కాబట్టి ముందు ఇంటి దగ్గర చేయాల్సిన పనే ఎక్కువ.

లోపలి నిర్మాణం

నేటి స్పీకర్లలో అధిక భాగం 1925లో జనరల్ ఎలక్ట్రిక్ ఇంజనీర్లు చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెలాగ్ ప్రకటించిన నమూనాకు వారసులే. అయస్కాంతపు సందులో ఒక తీగచుట్ట, దానికి అంటించిన కోన్, కోన్ అంచున మెత్తని చుట్టు. ఆంప్లిఫయర్ పంపే విద్యుత్తు తీగచుట్టను ముందుకూ వెనక్కూ కదుపుతుంది, కోన్ గాలిని నెడుతుంది. వందేళ్లలో పదార్థాలు మారాయి, కొలతలు మారాయి, సూత్రం అదే.

మంద్రం పలకాలంటే పెద్ద కోన్ చాలా గాలిని కదపాలి. తారస్థాయి పలకాలంటే చిన్న పొర సెకనుకు వేలసార్లు వణకాలి. రెండు పనులూ ఒకే కోన్‌తో చేయించడం కష్టం కనుక మంద్రానికి ఊఫర్, తారస్థాయికి ట్వీటర్ అని రెండు డ్రైవర్లు వేరువేరుగా పెడతారు. కొన్నిటిలో మధ్యస్థాయికి మరో డ్రైవర్ ఉంటుంది. ఏ ధ్వని ఏ డ్రైవర్‌కు పోవాలో పంచే సర్క్యూటే క్రాసోవర్. రెండు డ్రైవర్ల స్పీకర్లలో ఈ అప్పగింత మామూలుగా 2,000 నుంచి 3,000 హెర్ట్జ్ మధ్య జరుగుతుంది. మనిషి చెవి బాగా చురుగ్గా ఉండే ప్రాంతం అక్కడే మొదలవుతుంది కాబట్టి చిన్న పొరపాటూ దాగదు. అప్పగింత దగ్గర గుంట పడితే గాయకుడు రెండడుగులు వెనక్కి జరిగినట్టుంటుంది. ట్వీటర్ మోతాదు మించితే పాటలో శ, ష, స వచ్చినప్పుడల్లా ఈల కలుస్తుంది. పెట్టె ఖరీదు చూసి ముచ్చటపడే ముందు ఈ ఒక్కటీ గమనిస్తే సగం జతలు జాబితాలోంచి తప్పుకుంటాయి.

కోన్ వెనక్కి నెట్టే గాలిని ఏం చేయాలన్నది పెట్టె సమస్య. 1954లో అమెరికాలో ఎడ్గార్ విల్చర్ తన ఏఆర్-1 స్పీకర్‌తో, పూర్తిగా మూసిన చిన్న పెట్టెలోంచి కూడా లోతైన మంద్రం రాబట్టవచ్చని చూపించాడు. అంతకుముందు దానికి బీరువాలంత పెట్టెలు కావాల్సి వచ్చేది. రెండో పద్ధతి, పెట్టెకు ఒక గొట్టం లాంటి రంధ్రం పెట్టి లోపలి గాలిని కూడా పనిలోకి దించడం. దీని లెక్కలను ఆస్ట్రేలియాలో నెవిల్ థీల్ 1961లోనూ, రిచర్డ్ స్మాల్ 1970లలోనూ స్థిరపరిచారు. మూసిన పెట్టెలో మంద్రం నెమ్మదిగా తగ్గుతుంది, ఆక్టేవ్‌కు 12 డెసిబెళ్ల చొప్పున. రంధ్రమున్న పెట్టెలో ఒక హద్దు దాకా నిండుగా ఉండి, ఆ కింద ఆక్టేవ్‌కు 24 డెసిబెళ్ల చొప్పున పడిపోతుంది. చిన్న గదిలో, గోడకు దగ్గరగా పెట్టక తప్పనప్పుడు మూసిన పెట్టె సుఖం.

వేరే దారిలో నడిచినవీ ఉన్నాయి. ఇంగ్లండ్‌లో పీటర్ వాకర్ 1957లో తెచ్చిన క్వాడ్ ఎలక్ట్రోస్టాటిక్‌లో కోన్ లేదు. అధిక వోల్టేజీ మధ్య వేలాడే పలుచని పొరే స్పీకర్. గాత్రాన్ని అంత సహజంగా పలికించేవి ఇప్పటికీ తక్కువే. ట్వీటర్‌ను ఊఫర్ నడుమనే కూర్చోబెట్టే పద్ధతిని టానాయ్ 1947 నుంచీ, కెఫ్ 1988 నుంచీ వాడుతున్నాయి. బీబీసీ తన బయటి ప్రసారాల వ్యాన్ల కోసం 1970లలో రూపొందించిన ఎల్ఎస్3/5ఏ అడుగు ఎత్తు పెట్టె; మాటనూ గాత్రాన్నీ పలికించడంలో దానికున్న పేరు నేటికీ చెక్కుచెదరలేదు. ఆంప్లిఫయర్లను లోపలే అమర్చిన యాక్టివ్ స్పీకర్లు స్టూడియోల నుంచి ఇళ్లలోకి వస్తున్నాయి. భారతీయ తయారీ కూడా తీసిపారేయదగింది కాదు. కోల్‌కతాలో 1970లో మొదలైన సోనోడైన్ ఇంటి స్పీకర్లతోపాటు స్టూడియో మానిటర్లూ చేస్తుంది. కొచ్చికి చెందిన రెథమ్ ఒకే పూర్తిస్థాయి డ్రైవర్, కొమ్ము ఆకారపు గాలిదారితో చేసే స్పీకర్లకు విదేశాల్లోనూ పేరు తెచ్చుకుంది. దిగుమతి సుంకం, రవాణా ఖర్చు కలిసి విదేశీ స్పీకర్ ధర ఇక్కడ బాగా పెరుగుతుంది. అదే సొమ్ముకు దేశీయ తయారీలో పైమెట్టు దొరికే అవకాశం ఎక్కువ.

కాగితం మీది అంకెలు

బజారులో అందరూ మొదట అడిగేది వాట్లు. ఎంపికలో అన్నిటికంటే తక్కువ పనికొచ్చే అంకె అదే. ఒకప్పుడు పీఎంపీఓ పేరుతో అరచేతిలో పట్టే స్పీకర్లకు కూడా వేల వాట్లు అచ్చువేసి అమ్మారు. ఆ అంకెకు అర్థం లేదు. స్పీకర్ మీద రాసిన వాట్లు అది ఎంత తట్టుకుంటుందో చెబుతాయి, ఎంత బాగా పలుకుతుందో చెప్పవు.

చూడాల్సింది సెన్సిటివిటీ. 2.83 వోల్టులు ఇచ్చినప్పుడు ఒక మీటరు దూరంలో ఎన్ని డెసిబెళ్లు వినిపిస్తుందన్నదే ఆ అంకె. 84 డెసిబెళ్ల స్పీకర్, 90 డెసిబెళ్ల స్పీకర్ ఒకే మోత మోగాలంటే మొదటిదానికి నాలుగు రెట్లు శక్తి కావాలి. రెండోదానికి 50 వాట్ల ఆంప్లిఫయర్ చాలిన చోట మొదటిదానికి 200 వాట్లన్నమాట. ఇందులో ఒక మెలిక ఉంది. 2.83 వోల్టులంటే 8 ఓంల స్పీకర్‌కు ఒక వాటు, 4 ఓంల స్పీకర్‌కు రెండు వాట్లు. కాబట్టి 4 ఓంల స్పీకర్‌కు 88 డెసిబెళ్లని రాసి ఉంటే వాటు లెక్కన అది 85 మాత్రమే. ఇంట్లో ఇప్పటికే ఆంప్లిఫయర్ ఉండి, దానికి జోడు వెతికేవాళ్లు ఓంల సంగతి ముందే తేల్చుకోవాలి; చిన్న ఆంప్లిఫయర్లు 4 ఓంల భారం మీద వేడెక్కిపోతాయి.

"40 నుంచి 20,000 హెర్ట్జ్" అని రాసి, పక్కన ఎన్ని డెసిబెళ్ల హెచ్చుతగ్గుల్లో అన్నది రాయకపోతే ఆ వాక్యం వల్ల ప్రయోజనం లేదు. స్వతంత్రంగా కొలిచి ప్రచురించిన గ్రాఫు దొరికితే అది చాలా చెబుతుంది. కెనడా జాతీయ పరిశోధన మండలిలోనూ, తర్వాత హార్మన్ కంపెనీలోనూ ఫ్లాయిడ్ టూల్ చేసిన పని ఈ రంగాన్నే మలుపు తిప్పింది. స్పీకర్‌కు ఎదురుగా వచ్చే ధ్వని సమంగా ఉండటం ఒక్కటే చాలదు. పక్కలకు వెళ్లే ధ్వని కూడా ఎగుడుదిగుడు లేకుండా క్రమంగా తగ్గాలి. గదిలో మనిషి చెవికి చేరేదాంట్లో గోడల మీద పడి వచ్చేదే ఎక్కువ మరి. టూల్ సహచరుడు షాన్ ఆలివ్ 2003లో ప్రచురించిన పరీక్షలో 268 మంది శ్రోతలు, శిక్షణ ఉన్నవాళ్లూ లేనివాళ్లూ, స్పీకర్లు కనిపించకుండా విని ఇంచుమించు ఒకే వరసలో మార్కులు వేశారు. శిక్షణ లేనివాళ్లు మార్కులు కాస్త ఉదారంగా వేశారు. ఎవరి రుచి వారిదన్న మాట స్పీకర్ల విషయంలో జనం అనుకున్నంత నిజం కాదు.

అంకెలు ఎంపికను అయిదారు జతలకు కుదించడానికి పనికొస్తాయి. కోల్‌కతా రైలెక్కే ముందు ఆ కుదింపు పూర్తి కావాలి.

గది

స్పీకర్ ఖరీదు ఎంతైనా మంద్రం విషయంలో పెత్తనం గదిదే. కంపెనీ క్వార్టర్లలో కనిపించే మాదిరిగా 14 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు గదిని తీసుకుంటే లెక్క స్పష్టంగా తెలుస్తుంది. ధ్వని వేగం సెకనుకు సుమారు 343 మీటర్లు. ఎదురెదురు గోడల మధ్య ధ్వని అటూ ఇటూ కొట్టుకుని కొన్ని స్వరాల దగ్గర ఉబ్బుతుంది. ఈ గదిలో ఆ స్వరాలు పొడవు వల్ల 40, వెడల్పు వల్ల 47, ఎత్తు వల్ల 56 హెర్ట్జ్ దగ్గర పడతాయి. బేస్ గిటారు అట్టడుగు తీగ 41 హెర్ట్జ్. అంటే కొన్ని స్వరాలు కిటికీ అద్దాలు అదిరేలా మోగి, పక్క స్వరం సగంలో ఆగిపోతుంది. ఈ జబ్బుకు స్పీకర్‌ను తిట్టి లాభం లేదు. ఇలాంటి గదిలో సుమారు 200 హెర్ట్జ్ కింద వినిపించేది స్పీకర్, గది కలిసి చేసే ధ్వని. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ సమానంగా ఉంటే మూడు ఉబ్బులూ ఒకే చోట పడతాయి; 10 అడుగుల చదరపు గది, 10 అడుగుల కప్పు అన్నిటికంటే మొండి.

మధ్యస్థాయిలో, పైస్థాయిలో సమస్య వేరు. పాత క్వార్టర్లలో మందపాటి ఇటుక గోడలు, మొజాయిక్ గచ్చు. కొత్త ఫ్లాట్లలో కాంక్రీటు, విట్రిఫైడ్ టైల్స్. ధ్వనిని మింగేది ఏదీ లేదు. హార్వర్డ్‌లో వాలెస్ సబీన్ 1890లలో కనిపెట్టిన సూత్రం ప్రకారం లెక్కిస్తే పై కొలతల ఖాళీ గదిలో ధ్వని పూర్తిగా ఆరడానికి 2 సెకన్లు దాటుతుంది. సంగీతం వినడానికి అర సెకను చుట్టుపక్కల ఉంటే బాగుంటుంది. ఖాళీ గదిలో లక్షల స్పీకర్ కూడా నూతిలో మాట్లాడినట్టే పలుకుతుంది. దీనికి ఖరీదైన ఫోము పలకలే దిక్కు కాదు. మందపాటి జంపఖానా, నేల దాకా జారే పరదాలు, పరుపున్న మంచం, పుస్తకాలు ఒత్తుగా ఉన్న బీరువా కలిస్తే చాలావరకు సర్దుకుంటుంది. జంపఖానా స్పీకర్లకూ శ్రోతకూ మధ్య నేల మీద ఉండాలి. తెలుగు ఇళ్లలో పుస్తకాల బీరువాకంటే ఇనప బీరువా ఖాయంగా ఉంటుంది. అది గదిలో ఉంటే ఒక్కో స్వరానికి తలుపు గిలగిల్లాడుతుంది, పైన పెట్టిన సూట్‌కేసూ తోడు పాడుతుంది. స్పీకర్‌లో ఏదో చెడిందనుకుని మెకానిక్‌ను పిలిచే ముందు బీరువా తలుపు మీద చెయ్యి వేసి చూడటం మంచిది.

స్పీకర్ ఎక్కడ నిలబెట్టాలన్నది ఖర్చులేని వైద్యం. వెనక గోడ మీద పడి తిరిగొచ్చే ధ్వని, ముందుకు పోయే ధ్వనిని ఒక స్వరం దగ్గర కొట్టేస్తుంది. గోడకు రెండడుగుల దూరంలో ఆ గుంట 140 హెర్ట్జ్ దగ్గర పడుతుంది, సరిగ్గా మగ గొంతుకు నిండుదనమిచ్చే చోట. దూరం జరిపితే గుంట కిందికి దిగుతుంది. స్పీకర్లను అడుగడుగు చొప్పున జరుపుతూ ఒకే పాట వినడం విసుగు పుట్టించే పనే, కానీ తీగలు మార్చి రాబట్టలేని ఫలితం దీంతో వస్తుంది. రెండు స్పీకర్లూ శ్రోతా సమబాహు త్రిభుజపు మూడు కొనల్లో ఉండాలి. ఒక స్పీకర్ మూలకూ రెండోది తలుపు పక్కకూ వస్తే ఎడమ కుడి తూకం తప్పుతుంది. ట్వీటర్ కూర్చున్నవారి చెవి ఎత్తులో ఉండాలంటారు. సోఫాకు ఆ ఎత్తు సుమారు మూడడుగులు. చాప మీదో దివాను మీదో బాసిపట్టు వేసుకుని వినే అలవాటున్న ఇంట్లో స్టాండు ఆ మేరకు పొట్టిగా ఉండాలి, కంపెనీ స్టాండు కొంటే కుదరదు. ఈ ఒక్క విషయంలో జంషెడ్‌పూర్ శ్రోత అదృష్టవంతుడు. ఆదిత్యపూర్ పారిశ్రామిక వాడ పక్కనే ఉంది. కావలసిన ఎత్తుకు చదరపు ఇనప గొట్టంతో స్టాండు వెల్డింగ్ చేయించి, లోపల ఎండబెట్టిన ఇసుక నింపితే దిగుమతి స్టాండుకు తీసిపోదు. ధరలో పోలికే లేదు.

వినేవారి చెవి

ఈ అంశాన్ని అమ్మేవాళ్లు ఎత్తరు, కొనేవాళ్లు తలవరు. వయసుతోపాటు పైస్థాయి వినికిడి తగ్గుతుంది. అరవై దాటినవారిలో చాలామందికి 12,000 హెర్ట్జ్ పైన ఏమీ వినిపించదు. ట్వీటర్ 40,000 దాకా పోతుందన్న గొప్ప వారికి అక్కర్లేదు. కర్మాగారాల ఊళ్లో దీనికి మరొకటి తోడవుతుంది. ఏళ్ల తరబడి పెద్ద మోతలో పనిచేసినవారికి మొదట దెబ్బతినేది 4,000 హెర్ట్జ్ చుట్టూ ఉన్న వినికిడి. మన దేశంలో కర్మాగారాల్లో ఎనిమిది గంటల పనికి 90 డెసిబెళ్ల హద్దు ఉంది. రోలింగ్ మిల్లుల్లో, ఫోర్జింగ్ షాపుల్లో పాతరోజుల్లో చెవులకు రక్షణ లేకుండా పనిచేసినవారు చాలామంది ఉన్నారు. అలాంటి శ్రోతకు పైస్థాయి కాస్త మితిమీరిన స్పీకరే స్పష్టంగా ఉందనిపిస్తుంది. ఇంట్లో మిగతావాళ్లకు అదే చెవిలో గుచ్చుకుంటుంది. పెద్ద ఖర్చు పెట్టే ముందు చెవి డాక్టరు దగ్గర ఆడియోగ్రామ్ తీయించుకోవడం తప్పేమీ కాదు. ఎంపికకు ఇంట్లో చిన్నవాళ్లను వెంట తీసుకెళ్లడం ఇంకా తేలిక.

విని చూసే పద్ధతి

జంషెడ్‌పూర్ రైల్వే స్టేషన్ టాటానగర్‌లో ఉదయం బయల్దేరే స్టీల్ ఎక్స్‌ప్రెస్‌లో హౌరా వెళ్లి, సాయంత్రం దాంట్లోనే తిరిగి రావచ్చు. ఆ మధ్య దొరికే వేళలో మూడు జతలు వినడం సాధ్యం. అంతకుమించితే చెవి అలిసిపోతుంది, మూడు గంటలయ్యేసరికి అన్నీ ఒకటే అనిపిస్తాయి. షోరూముకు ముందే ఫోన్ చేసి ఏ మోడళ్లు వినాలో, ఇంట్లో ఏ ఆంప్లిఫయర్ ఉందో చెప్పి సమయం తీసుకుంటే మర్యాద, ఫలితం రెండూ దక్కుతాయి.

షోరూములో మోసపోవడానికి ఎవరూ మోసం చేయనక్కర్లేదు. రెండు స్పీకర్లలో ఒకటి డెసిబెల్ ఎక్కువ మోగినా చాలు, చెవి దాన్ని పెద్దగా ఉందనుకోదు, బాగుందనుకుంటుంది. సెన్సిటివిటీ ఎక్కువున్న జత ఈ కారణం చేతనే సులువుగా గెలుస్తుంది. రెండిటికీ సమానంగా మోత సర్దిన తర్వాతే పోలిక మొదలవ్వాలి. ఫోన్‌లోని డెసిబెల్ యాప్ అసలు కొలత తప్పు చూపినా రెండిటి మధ్య తేడా చూపడానికి సరిపోతుంది. వినే స్థాయి కూడా ఇంట్లో వినే స్థాయే కావాలి. హార్వే ఫ్లెచర్, వైల్డెన్ మన్సన్ 1933లోనే చూపినట్టు, మోత తగ్గేకొద్దీ చెవి మంద్రాన్ని ఎక్కువగా కోల్పోతుంది. షోరూములో గుండె అదిరేలా విని నచ్చిన స్పీకర్ రాత్రిపూట పక్కింటివాళ్లకు జడిసి వినే స్థాయిలో చప్పగా ఉండవచ్చు.

ధ్వని వివరాలను చెవి గుర్తుంచుకునేది కొన్ని సెకన్లే. ఒక షోరూములో విన్నదాన్ని గంట తర్వాత మరో షోరూములో విన్నదాంతో పోల్చడం దాదాపు ఊహాగానం. ఒకే గదిలో, ఒకే పాట అర నిమిషం ముక్క, మొదటి జత, రెండో జత, మళ్లీ మొదటి జత అన్న వరసలో వినాలి. కళ్లు చెవిని ఏమార్చడం మరో సంగతి. టూల్, ఆలివ్ 1994లో చేసిన పరీక్షలో అవే శ్రోతలు అవే స్పీకర్లకు, చూస్తూ విన్నప్పుడు ఒకలా, తెర చాటున విన్నప్పుడు ఒకలా మార్కులు వేశారు. పెద్ద పెట్టెలకు, పేరున్నవాటికి చూసినప్పుడు పడిన మార్కులు తెర పడగానే తగ్గాయి. షోరూములో తెర కట్టించడం కుదరకపోతే కళ్లు మూసుకుని వింటూ, ఏ జత మోగుతోందో చెప్పకుండా మార్చమని వెంట వచ్చినవారిని కోరవచ్చు. ధర చివర అడగాలి.

ఏ సంగీతం తీసుకెళ్లాలన్నదానికి జవాబు ఒకటే: కొట్లోవాళ్లు వేసేది కాకుండా, ఏళ్లుగా విన్నది. షోరూము పాటలు స్పీకర్లకు నప్పేవి ఏరి పెట్టుకున్నవి. సీడీగానీ, నాణ్యత తగ్గించని ఫైలుగానీ ఉండాలి. పాత తెలుగు పాటలు ఇక్కడ అనుకోని మేలు చేస్తాయి. 1950లలో, 60లలో ఘంటసాల పాడిన మోనో రికార్డింగులను రెండు స్పీకర్లలో వేస్తే గొంతు సరిగ్గా నడుమ, పిడికెడు చోటులో నిలబడాలి. ఎడమకో కుడికో ఒరిగినా, పై స్వరాలకు ఒక పక్కకు జరిగినా రెండు స్పీకర్లు సమంగా లేవనో, పెట్టిన చోటు బాగాలేదనో తెలుస్తుంది. పాత రికార్డులోని సన్నని గరగర గొంతుకు వెనకగా ఉండిపోవాలి. అది పాటకంటే ముందుకు వస్తే ట్వీటర్ అతి చేస్తోందని అర్థం.

తంబుర మరో గట్టి పరీక్ష. నాలుగు తీగలు, జీవ దారం వల్ల పుట్టే పై స్వరాల తెర ఆగకుండా మెరుస్తూ ఉండాలి. మంచిది కాని స్పీకర్‌లో అదంతా ఒకే జుమ్మనే మోతగా ముద్దవుతుంది. వీణలో మీటు పడ్డ క్షణం అందరికీ వినిపిస్తుంది. చిట్టిబాబు వీణలో మీటు తర్వాత తీగను లాగి సాగదీసిన గమకం సన్నబడుతూ పోయే దాకా వినిపిస్తోందా అన్నది చూడాలి. మృదంగంలో కుడి మూత టంకారం ట్వీటర్ పని, ఎడమ మూత మీద అరచేతిని జరుపుతూ సాగదీసే "గుమ్" ఊఫర్ పని. రెండూ ఒకే వాయిద్యం నుంచి, ఒకే చోటు నుంచి రావాలి. చాలా స్పీకర్లలో ఒక మృదంగం రెండుగా చీలిపోతుంది. ఎక్కువ వాయిద్యాలున్న రికార్డింగ్ కావాలంటే ఇళయరాజా 1986 నాటి "హౌ టు నేమ్ ఇట్" ఉంది. వయొలిన్ల గుంపు దట్టమైనప్పుడు కూడా లోగొంతుకలు విడివిడిగా వినిపిస్తే ఆ జత పెద్ద పరీక్ష దాటినట్టే.

పోలికకు అసలు ధ్వని ఏదో చెవికి తెలిసి ఉండాలి. కచేరీలు ఇందుకు పనికిరావు. ఇప్పుడు దాదాపు ఏ సభలోనైనా గాయకుడి గొంతు మైకు, మిక్సరు, హాలు స్పీకర్లు దాటాకే శ్రోతకు చేరుతుంది. మైకు లేకుండా తెలుగువారి చెవిన పడే సంగీతం గుడిలో సన్నాయి, డోలు, భజనలో తాళాలు, హార్మోనియం. తాళాల చప్పుడు రికార్డింగ్‌లో వినిపించే తీరుకూ మందిరంలో వినిపించే తీరుకూ ఉన్న దూరం స్పీకర్‌ను అంచనా కట్టడానికి చేతిలో ఉన్న మంచి కొలబద్ద.

నచ్చిన జతను ఇంటికి తెచ్చి రెండు మూడు రోజులు వినే ఏర్పాటు చేయమని అడగాలి. డిపాజిట్ కట్టించుకుని కొందరు డీలర్లు ఒప్పుకుంటారు. ఒప్పుకోని చోట వాపసు షరతులు రాతపూర్వకంగా తీసుకోవాలి. ఇంట్లో వినేటప్పుడు ఫ్యాను తిరుగుతూ ఉండాలి. మే నెలలో 40 డిగ్రీలు దాటే ఊళ్లో ఫ్యాను ఆపుకుని సంగీతం వినేవారు ఎవరూ ఉండరు కనుక, ఫ్యాను చప్పుడు కింద మిగిలేదే అసలు వినికిడి.

మన్నిక, మరమ్మతు

వాతావరణానికి తగిన స్పీకర్ ఎంచుకోకపోతే విని చూసిన శ్రమంతా వృథా. కోన్ అంచు చుట్టు ఫోముతో చేసినవి వేడికీ వానాకాలపు చెమ్మకూ పది పదిహేనేళ్లలో పొడిపొడిగా రాలిపోతాయి. రబ్బరు చుట్టు అంతకు రెట్టింపు కాలం నిలుస్తుంది. పాత స్పీకర్లు కొనేవాళ్లు జాలీ తీసి ఆ చుట్టును వేలితో మెల్లగా తాకి చూడాలి. ఎలక్ట్రోస్టాటిక్ పలకలు దుమ్మును లాగుతాయి, వాటికి చెమ్మ పడదు. జూలై ఆగస్టుల్లో తలుపులు బార్లా తీసి ఉంచే ఇంట్లో అవి తలనొప్పి. కర్మాగారాల ఊళ్లో ధూళిలో ఇనుము కూడా ఉంటుంది. ఆ రేణువులు అయస్కాంతపు సందులోకి చేరితే తీగచుట్ట గీసుకుని గరగరమంటుంది, కాబట్టి వినని వేళ జాలీలు తగిలించి ఉంచాలి. రంధ్రమున్న పెట్టెల్లోకి బల్లులు దూరడం మన ఇళ్లలో మామూలే. నైలాన్ వల ముక్క అడ్డం పెడితే చాలు.

ఆంప్లిఫయర్ జత కలిపేటప్పుడు వోల్టేజీ సంగతీ చూడాలి. టాటా స్టీల్ అనుబంధ సంస్థ కరెంటు ఇచ్చే కాలనీల్లో ఇబ్బంది తక్కువ. రాష్ట్ర విద్యుత్ సంస్థ పరిధిలోని మాంగో లాంటి చోట స్టెబిలైజర్, సరైన ఎర్తింగ్ ఉండాలి. స్పీకర్ తీగకు వేలు పోయనక్కర్లేదు. మామూలు గది దూరాలకు 2.5 చదరపు మిల్లీమీటర్ల మంచి రాగి తీగ సరిపోతుంది. మిగిలిన డబ్బు పరదాలకూ జంపఖానాకూ పెడితే చెవికి తెలుస్తుంది.

ఆఖరుగా అడగాల్సింది విడిభాగాల గురించి. ఊఫర్ కాలిపోతే బదులు డ్రైవర్ దేశంలో దొరుకుతుందా, ఎన్నాళ్లలో వస్తుంది, ఎవరు బిగిస్తారు అన్న మూడు ప్రశ్నలకు డీలరు సూటిగా జవాబు చెప్పలేకపోతే ఆ జత ఎంత బాగా పలికినా వదులుకోవడం మంచిది. ఫోము చుట్టు మార్చడం, తీగచుట్ట తిరిగి చుట్టడం లాంటి పనులు కోల్‌కతా చాందినీ చౌక్‌లో చేస్తారు. కానీ కంపెనీ డ్రైవర్ స్థానంలో వేరొకటి బిగిస్తే క్రాసోవర్ లెక్క తప్పుతుంది, ఎడమ కుడి జత చెడుతుంది. సరిగ్గా ఎంచుకున్న స్పీకర్లు పాతికేళ్లు పనిచేస్తాయి. ఆ కాలంలో ఆంప్లిఫయర్, ప్లేయర్ రెండు మూడుసార్లు మారతాయి.